ఏ బాయిలర్ ఏ ఏడాది ఆగుతుంది? విద్యుత్ సంస్థల నెట్ జీరో హామీని నేను ఇలా చదువుతాను

మీరు అడిగింది ఇదీ: మీ ప్రాంతానికి కరెంటూ, పైపుల ద్వారా గ్యాసూ ఇచ్చే సంస్థ వార్షిక నివేదికలో "2005తో పోలిస్తే ఇప్పటికే 38 శాతం ఉద్గారాలు తగ్గించాం, 2030కి సగం చేస్తాం, 2050కి నెట్ జీరో" అని రాసుకుంది. (నెట్ జీరో అంటే ఉద్గారాలను వీలైనంత తగ్గించి, మిగిలినంత కార్బన్‌ను గాలిలోంచి తీసేసి మొత్తం లెక్కను సున్నా చేయడం.) ఇది నమ్మదగినదేనా, ఇంజనీరు కాని మనిషికి తేల్చుకునే దారి ఉందా అని.

దారి ఉందండి. ఇరవై ఏళ్లకు పైగా నేను ముందు థర్మల్ ప్లాంట్లలో, తర్వాత ఉద్గారాల లెక్కల తనిఖీలో పనిచేశాను. చాలామంది నివేదిక తెరవగానే 2050 దగ్గర ఆగిపోతారు. నేను ఆ అంకెను ఆఖర్న చూస్తాను. ముందు వెతికేది ఒక్కటే: ఆ సంస్థ నడిపే బొగ్గు సెట్లు (ఒక బాయిలర్, దాని టర్బైన్, జనరేటర్ కలిపి ఒక సెట్టు), గ్యాస్ టర్బైన్లలో ఏది ఏ సంవత్సరం శాశ్వతంగా ఆగుతుందని కాగితం మీద ఉంది? ఆ జాబితా ఉంటే మిగతా మాటలకు బలం ఉంటుంది. జాబితా లేకపోతే శాతాలు ఎన్ని ఉన్నా అవి ఆశలే తప్ప హామీలు కావు. అలా ఎందుకంటున్నానో కొంచెం వివరంగా చెబుతాను.

ముందు ఈ టన్నుల లెక్క ఎక్కడ పుడుతుందో తెలియాలి. 12 పాళ్ల కార్బన్ కాలితే 44 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, అంటే కిలోకి దాదాపు 3.67 కిలోలు. కొన్ని దేశాల్లో చిమ్నీలోనే కొలిచే పరికరాలు పెడతారు. చాలాచోట్ల మాత్రం కాల్చిన ఇంధనం నుంచి లెక్క కడతారు: ఎంత బొగ్గు కాలింది, దాని కెలోరిఫిక్ వాల్యూ (కిలో కాలిస్తే వచ్చే వేడి) ఎంత, అంత వేడికి ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2006 మార్గదర్శకాల ప్రకారం ఒక గిగాజౌల్ వేడికి బిట్యుమినస్ బొగ్గయితే 94.6 కిలోలు, లిగ్నైట్ అయితే 101, సహజవాయువు అయితే 56.1. ఇప్పుడు 36 శాతం ఎఫిషియెన్సీతో నడిచే బొగ్గు ప్లాంటును తీసుకోండి. ఒక యూనిట్ కరెంటు తీయడానికి దానికి 10 మెగాజౌళ్ల (గిగాజౌల్‌లో నూరో వంతు) వేడి కావాలి, అంటే యూనిట్‌కి సుమారు 0.95 కిలో. 55 శాతంతో నడిచే కంబైన్డ్ సైకిల్ (గ్యాస్ టర్బైన్ వదిలే వేడితో ఆవిరి టర్బైన్‌నూ తిప్పే) గ్యాస్ ప్లాంటులో అదే 0.37 కిలో. ఈ రెండంకెలు గుర్తుంటే చాలు, ఏ నివేదికనైనా మీరే ఉజ్జాయింపుగా సరిచూసుకోవచ్చు. సంస్థ చెప్పిన టన్నుల్ని కిలోల్లోకి మార్చి, అది ఉత్పత్తి చేసిన యూనిట్లతో భాగించండి. బొగ్గే ప్రధానమైన చోట ఫలితం 0.5 వస్తే, ఎక్కడో ఏదో లెక్కలోంచి జారిపోయిందని అర్థం.

కెలోరిఫిక్ వాల్యూ గురించి ఒక మాట. ల్యాబ్‌లో బాంబ్ కెలోరీమీటర్ అని ఉంటుంది. అరచేతిలో పట్టే స్టీలు పాత్రలో ఒక గ్రాము బొగ్గుపొడి పెట్టి, ఆక్సిజన్ ఎక్కించి, మూత బిగించి, నీళ్లలో ముంచి, సన్నటి ఫ్యూజ్ వైరుతో అంటిస్తారు. చుట్టూ ఉన్న నీళ్లు రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతాయి. రైల్లో వచ్చిన వేల టన్నుల బొగ్గు తరఫున మాట్లాడేది ఆ రెండు మూడు డిగ్రీలే. అది చూపించేది గ్రాస్ విలువ, అంటే పొగలోని ఆవిరి నీరుగా మారేటప్పుడు ఇచ్చే వేడి కూడా కలిపినది. పైన చెప్పిన ఐపీసీసీ గుణకాలు ఆ వేడిని తీసేసిన నెట్ విలువకు సంబంధించినవి. రెంటికీ తేడా బొగ్గులో 5 శాతం దాకా, గ్యాసులో 10 శాతం దాకా ఉంటుంది. ఒక సంస్థ లెక్కల్లో బేస్ ఇయర్‌ను (తగ్గుదలను పోల్చే మొదటి ఏడాదిని) గ్రాస్‌తోనూ, తాజా ఏడాదిని నెట్‌తోనూ గుణించి ఉండటం నేను చూశాను. అంటే ఒక్క కిలో బొగ్గు తగ్గకుండానే 5 శాతం తగ్గుదల కాగితం మీదికి వచ్చింది. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పాత షీటు తయారుచేసినాయన రిటైరయ్యారు, తర్వాత వచ్చినాయన సరైన పద్ధతి వాడారు, వెనక్కి వెళ్లి పాత ఏడాదిని కూడా దిద్దాలని ఎవరికీ తట్టలేదు. అందుకే "లెక్క పద్ధతి మారిందా? మారితే బేస్ ఇయర్‌ను మళ్లీ లెక్కించారా?" అనేది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఇక మీ నివేదికలోని 38 శాతం సంగతి. 2005 అనే ఏడాదిని చాలా సంస్థలు ఎంచుకుంటాయి, ముఖ్యంగా అమెరికాలో. అక్కడ విద్యుత్ రంగం ఉద్గారాలు దాదాపు శిఖరాన ఉన్న కాలం అది. ఆ తర్వాత గ్యాస్ చవకై బొగ్గు వెనక్కి పోయింది. హామీ ఇవ్వకముందే, డబ్బు లెక్కల వల్ల జరిగిపోయిన తగ్గుదల అందులో చాలా ఉంటుంది. తగ్గినది తగ్గినట్టే, దాన్ని కాదనను. కానీ మీకు కావలసింది హామీ ఇచ్చిన రోజు నుంచి ఏం జరిగిందన్నది. హామీ ప్రకటించిన సంవత్సరం పక్కన ఒక గీత గీసి, దాని ముందు ఎంత తగ్గింది, తర్వాత ఎంత తగ్గింది అని విడదీసి చూడండి. ఇంకొకటి, ఒక్క ఏడాది అంకెను ఎప్పుడూ పట్టుకోవద్దు. వానలు బాగా పడి జలాశయాలు నిండిన సంవత్సరం ఉద్గారాలు వాటంతటవే పడిపోతాయి. కరువొచ్చినా, అణువిద్యుత్ రియాక్టరు మరమ్మతుకి ఆగినా మళ్లీ పెరుగుతాయి. కనీసం ఐదేళ్ల వరుస చూడాలి.

వీటన్నిటికంటే పెద్దది ప్లాంటు అమ్మేయడం. దీని మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే నా అనుభవంలో జనాన్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే.

ఒక సంస్థ తన పాత బొగ్గు స్టేషన్‌ను వేరే కంపెనీకి అమ్మింది. మరుసటి ఏడాది నివేదికలో దాని ఉద్గారాలు మూడో వంతు పడిపోయాయి, పత్రికల్లో మెచ్చుకోళ్లు వచ్చాయి. కొన్న కంపెనీ తరఫున తనిఖీకి నేను ఆ స్టేషన్‌కి వెళ్లాను. అదే కంట్రోల్ రూమ్, అదే షిఫ్ట్ ఇంజనీరు. ఆయన హెల్మెట్ మీద పాత సంస్థ గుర్తుపై కొత్త స్టిక్కర్ అంటించి ఉంది, అంచు లేచి కింద పాత రంగు కనిపిస్తోంది. వెనక ప్యానెల్ మీద లోడ్ ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఆ కరెంటంతా ఎవరికి వెళ్తోందని అడిగితే, పదిహేనేళ్ల ఒప్పందం కింద మొత్తం పాత యజమానికే అన్నారు. బొగ్గు అదే, చిమ్నీ అదే, ఆ కరెంటు వాడుకునే ఇళ్లు అవే. మారినది ఎవరి పేరు మీద రాస్తారన్నదే.

దీన్ని పట్టుకోవడానికే స్కోప్‌లు అనే విభజన ఉంది. 2001లో మొదటిసారి వచ్చిన జీహెచ్‌జీ ప్రొటోకాల్ (కంపెనీలు తమ ఉద్గారాలను లెక్కించే నియమావళి) కార్పొరేట్ ప్రమాణం ప్రకారం సంస్థ సొంత ప్లాంట్ల పొగ స్కోప్ 1. తను వాడుకోవడానికి కొన్న కరెంటు వెనక ఉన్న పొగ స్కోప్ 2. పంపిణీ సంస్థల విషయంలో, కొన్న కరెంటులో లైన్లలో పోయే నష్టం కూడా దీని కిందికే వస్తుంది. వేరేవాళ్ల దగ్గర కొని వినియోగదారులకు అమ్మే కరెంటు మాత్రం స్కోప్ 3లోకి పోతుంది. మీరు చెప్పిన సంస్థ గ్యాసు కూడా అమ్ముతుంది కాబట్టి, ఆ గ్యాసు ఇళ్లలో, ఫ్యాక్టరీల్లో కాలితే వచ్చేదీ స్కోప్ 3లోనే. ఇప్పుడు హామీ వాక్యాన్ని మళ్లీ చదవండి. "మా కార్యకలాపాల ఉద్గారాలు" అని ఉంటే అది స్కోప్ 1, 2 వరకే. సగం కరెంటు బయట కొనే సంస్థకి ఆ హామీ అసలు విషయాన్ని తాకదు. అమెరికాలోని ఎక్సెల్ ఎనర్జీ 2018 డిసెంబర్‌లో, 2005తో పోలిస్తే 2030కి 80 శాతం తగ్గింపు, 2050కి పూర్తిగా కార్బన్ లేని కరెంటు అని ప్రకటించింది. సొంత ఉత్పత్తితో పాటు కొని అమ్మే కరెంటునూ ఆ లెక్కలో కలుపుకుంది. హద్దు అలా గీయాలి. ప్లాంటు అమ్మినప్పుడు బేస్ ఇయర్‌లోంచి కూడా దాన్ని తీసేసి మళ్లీ లెక్కించాలని ప్రొటోకాల్ చెబుతుంది. మీ సంస్థ అలా చేసిందో లేదో నివేదిక చివర మెథడాలజీ పేజీలో ఉంటుంది. అక్కడ లేకపోతే చేయలేదనే అనుకోండి.

గ్యాస్ విషయంలో ఇంకో చిక్కు మీథేన్. పైపుల్లో, వాల్వుల దగ్గర లీకయ్యే గ్యాసు కాలకుండానే గాలిలో కలుస్తుంది. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం శిలాజ మీథేన్ వందేళ్ల కాలానికి కార్బన్ డయాక్సైడ్ కంటే 29.8 రెట్లు, ఇరవై ఏళ్లకైతే 82.5 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. బొగ్గు ఆపి గ్యాస్‌కి మారిన సంస్థ లీకుల్ని లెక్కించకపోతే, ఆ మార్పు వల్ల వచ్చిన లాభాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపినట్టే. సబ్‌స్టేషన్ల స్విచ్‌గేర్‌లో వాడే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అయితే 23,500 రెట్లని ఐదో నివేదిక చెప్పింది. పది కిలోలు లీకయితే 235 టన్నులతో సమానం. బొగ్గు ప్లాంటు పక్కన ఇది చిన్నదే. కానీ ఈ అంకెను శ్రద్ధగా రాసిన సంస్థ మిగతావి కూడా శ్రద్ధగా రాస్తుందని నేను గమనించాను.

తర్వాత, శాతం దేని మీద అన్నది చూడండి. యూనిట్‌కి ఎంత అని చెప్పడం వేరు, మొత్తం ఎన్ని టన్నులని చెప్పడం వేరు. వెయ్యి కోట్ల యూనిట్లు 0.8 కిలో చొప్పున తీస్తే 80 లక్షల టన్నులు. డిమాండ్ రెట్టింపై రెండు వేల కోట్ల యూనిట్లు 0.5 చొప్పున తీస్తే కోటి టన్నులు. "తీవ్రత (యూనిట్‌కి వచ్చే ఉద్గారం) 37.5 శాతం తగ్గింది" అన్నది నిజం. వాతావరణంలోకి 20 లక్షల టన్నులు ఎక్కువ పోయాయన్నదీ నిజం. వేగంగా పెరిగే ప్రాంతాల్లో యూనిట్ లెక్కకు అర్థం లేకపోలేదు. ఇళ్లకూ వాహనాలకూ కరెంటు వాడకం పెరగడం మంచిదే కూడా. కానీ రెండంకెలూ పక్కపక్కన ఉండాలి. ఒక్కటే చూపించి ఇంకొకటి దాచారంటే, దాచినదాన్నే మీరు వెతకాలి.

2050 గురించి కూడా ఇప్పుడే చెబుతాను. కార్బన్ డయాక్సైడ్ గాలిలో పేరుకుపోయే వస్తువు. కాబట్టి చివరి ఏడాది అంకె కంటే దారిలో ఎంత వదిలామన్నదే భూమికి లెక్క. ఏడాదికి కోటి టన్నులు వదిలే సంస్థ పాతికేళ్లలో సమానంగా తగ్గించుకుంటూ సున్నాకి వస్తే మొత్తం పన్నెండున్నర కోట్ల టన్నులు. అదే ఇరవై ఏళ్లు ఏమీ చేయకుండా చివరి ఐదేళ్లలో దిగితే ఇరవై రెండున్నర కోట్లు. పోస్టరు మీద రెంటికీ ఒకే వాక్యం. ఈ పది కోట్ల టన్నుల తేడా 2030, 2035 మైలురాళ్లలోనే కనిపిస్తుంది. నిజానికి కరెంటు రంగానికి 2050 అనేది ఆలస్యమైన గడువు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021 మేలో ఇచ్చిన నెట్ జీరో మార్గచిత్రంలో సంపన్న దేశాల విద్యుత్ రంగం 2035కి, ప్రపంచం మొత్తం 2040కి సున్నాకి చేరాలి. కారణం సూటిగా ఉంది. సిమెంటు, ఉక్కు, విమానాల కంటే కరెంటును శుభ్రం చేయడం తేలిక, పైగా వాటిలో చాలావాటిని మార్చాలంటే ముందు శుభ్రమైన కరెంటు చేతిలో ఉండాలి.

మొదట చెప్పిన జాబితా దగ్గరికి మళ్లీ వస్తాను. కెనడాలోని ఒంటారియో ఉదాహరణ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. 2003లో అక్కడి కరెంటులో దాదాపు పావు వంతు బొగ్గు నుంచే వచ్చేది. ఉత్తర అమెరికాలోని అతి పెద్ద బొగ్గు స్టేషన్లలో ఒకటైన నాంటికోక్ అక్కడే ఉండేది. బొగ్గును 2007కల్లా ఆపేస్తామని రాజకీయ హామీ ఇచ్చారు. కుదరలేదు, 2009 అన్నారు. అదీ జరిగేది కాదని తేలాక 2014 గడువును నిబంధనగా రాశారు. 2013 చివర్లో నాంటికోక్ ఆగింది, 2014 ఏప్రిల్‌లో థండర్ బే ప్లాంటు చివరి బొగ్గు కాల్చింది. గడువు రెండుసార్లు జారింది, అయినా పని పూర్తయింది. శాతాలతో కాకుండా స్టేషన్ల పేర్లతో, తేదీలతో పట్టుకున్నారు కాబట్టే, జారినప్పుడల్లా జారిందని అందరికీ తెలిసింది. మూసిన రియాక్టర్లను బాగుచేసి తెరవడం, గ్యాస్, గాలిమరలు ఆ ఖాళీని పూడ్చాయి.

డెన్మార్క్‌లో డాంగ్ ఎనర్జీ కథ ఇంకొంచెం చిక్కుముడి. 85 శాతం శిలాజ ఇంధనం మీద నడిచే ఆ సంస్థ ఒక తరంలో దాన్ని తలకిందులు చేసి 85 శాతం హరిత కరెంటుకు వస్తామంది. పదేళ్లలోనే, 2019కల్లా చేరుకుంది. మధ్యలో 2017లో చమురు, గ్యాస్ వ్యాపారాన్ని అమ్మేసి ఊర్‌స్టెడ్ అని పేరు మార్చుకుంది. సముద్రంలో గాలిమరలు కట్టడం నిజమైన మార్పు, అందులో సందేహం లేదు. చమురు బావులు అమ్మినంత మాత్రాన వాటిలో ఉత్పత్తి ఆగదు, దాన్ని తగ్గుదలగా నేను లెక్కించను. బొగ్గు వదిలి కలప ఇంధనానికి మారిన భాగాన్ని కూడా విడిగా చూడాలి. ఎందుకంటే అంతర్జాతీయ లెక్కల్లో కలప పొగను చిమ్నీ దగ్గర సున్నాగా రాసి, చెట్టు నరికిన చోట భూవినియోగం ఖాతాలో వేస్తారు. ఆ ఖాతా సరిగా రాయకపోతే ఆ కార్బన్ ఎక్కడా కనిపించదు. 2022లో గ్యాస్ సంక్షోభం వచ్చినప్పుడు డెన్మార్క్ ప్రభుత్వమే ఆదేశించి, ఆగాల్సిన సెట్లను 2024 జూన్ దాకా నడిపించింది. గడువు మారినా, ఎందుకు మారిందో, ఏ సెట్లకు మారిందో, ఎన్నాళ్లో సంస్థ బయటపెట్టింది. హామీ ఇచ్చినవాళ్ల నుంచి నేను కోరుకునేది ఆ మాత్రమే.

మరి మీ సంస్థ జాబితా ఎక్కడ దొరుకుతుంది? పర్యావరణ నివేదికలో దొరక్కపోవచ్చు. నియంత్రణ సంస్థ ముందు దాఖలు చేసే రిసోర్స్ ప్లాన్ (రాబోయే ఏళ్లలో కరెంటు ఎక్కడినుంచి తెస్తారన్న ప్రణాళిక), టారిఫ్ పిటిషన్ (కరెంటు ధరల కోసం పెట్టే అర్జీ), ఖాతాల్లో తరుగుదల పట్టిక (ప్లాంటు ఖరీదును ఏ ఏడాది దాకా కొంచెం కొంచెంగా ఖర్చు రాస్తారన్నది) చూడండి. ప్రకటనలో 2035కి ఆపేస్తామన్న సెట్టుకి తరుగుదల 2045 దాకా ఉందంటే, ఆ పదేళ్ల విలువ ఎవరు భరిస్తారో ఇంకా తేల్చలేదన్నమాట. తేల్చనంత కాలం దాన్ని నడపాలనే ఒత్తిడి ఉంటుంది. బొగ్గు సరఫరా ఒప్పందంలో తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు కట్టాలనే షరతు ఉంటే ఆ ఒత్తిడి రెట్టింపవుతుంది. అదే పాత సెట్టుకి కొత్తగా టర్బైన్ రోటర్ మార్పు, ఆయుష్షు పెంపు అని పెట్టుబడి అడుగుతుంటే, వాళ్ల మనసులో ఏముందో అక్కడే బయటపడుతుంది.

సౌరవిద్యుత్ పెరిగిందని చూపించే సంస్థల్ని ఇంకో మాట అడగాలి: దాని కోసం బొగ్గు సెట్లను ఆపుతున్నారా, బ్యాక్ డౌన్ (ఆపకుండా లోడ్ తగ్గించడం) మాత్రమే చేస్తున్నారా? సగం లోడ్‌లో నడిచే సెట్టు హీట్ రేటు పాడవుతుంది, అంటే యూనిట్‌కి కాలే బొగ్గు పెరుగుతుంది. రెండు సెట్లను సగం సగం నడపడం కంటే ఒకదాన్ని పూర్తిగా ఆపి రెండోదాన్ని నిండుగా నడిపితే బొగ్గు తక్కువ పడుతుంది. రాత్రి డిమాండ్ కోసమో, వోల్టేజ్ నిలబెట్టడానికో రెండూ వెలిగించి ఉంచాల్సి రావడం నిజమైన ఇబ్బందే, కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను. దానికి మందు బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజ్ (మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం), లైన్లు. వాటికి పెట్టుబడి ప్రణాళికలో డబ్బు కేటాయించారో లేదో చూస్తే, ఆ సెట్టు నిజంగా ఆగుతుందో లేదో తెలిసిపోతుంది.

"నెట్" అన్న మాట గురించి తక్కువే చెబుతాను. మిగిలిపోయే ఉద్గారాలను పట్టుకుని భూమిలో పెడతామనో, అడవుల క్రెడిట్లు (వేరేచోట చెట్లు పీల్చుకునే కార్బన్ లెక్కను) కొంటామనో రాస్తారు. కెనడాలోని సాస్కచెవాన్‌లో బౌండరీ డ్యామ్ బొగ్గు స్టేషన్ మూడో సెట్టుకి 2014లో కార్బన్ పట్టే ప్లాంటు పెట్టారు. ఏడాదికి పది లక్షల టన్నులు పట్టాలన్నది రూపకల్పన, ఏళ్ల తరబడి దానికి దిగువనే నడిచింది. సాంకేతికత పనిచేస్తుంది, కానీ చెప్పినంత పనిచేస్తుందని ముందే లెక్కలో వేసుకోకూడదు. కంపెనీల ఉద్గార లక్ష్యాలను సరిచూసే సైన్స్ బేస్డ్ టార్గెట్స్ సంస్థ 2021లో తెచ్చిన నెట్ జీరో ప్రమాణం, మామూలుగా కనీసం 90 శాతం అసలు తగ్గింపే ఉండాలని, మిగిలిన కొద్దిదానికే ఇలాంటివి వాడాలని అంటుంది. మీ సంస్థ లక్ష్యంలో అసలు తగ్గింపు ఎంత శాతమో రాయకపోతే ఆ ప్రశ్న కూడా పంపండి.

ఇప్పుడు మీరు చేయగలిగిన పని. ఒక కాగితం మీద వాళ్ల ప్రతి బొగ్గు, గ్యాస్ సెట్టు పేరూ రాసి, పక్కన మూడు సంవత్సరాలు వేయండి: ప్రకటనలో ఆగుతుందన్నది, ఖాతాల్లో తరుగుదల ముగిసేది, ఇంధన ఒప్పందం ముగిసేది. బయట కొనే కరెంటుకి కొనుగోలు ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో అదే కాగితం మీద రాయండి. మూడూ దగ్గరదగ్గరగా ఉన్న సెట్టు వరకు వాళ్ల మాటను నేను నమ్ముతాను. తేడా ఉన్నచోట కారణం ఏమిటని రాతపూర్వకంగా అడగండి, టారిఫ్ విచారణ జరిగేటప్పుడు అడిగితే జవాబు ఇవ్వక తప్పని పరిస్థితి చాలాచోట్ల ఉంటుంది. పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టండి, సెట్టు సెట్టుకీ చూసి చెబుతాను.